బ్రౌజర్ సీపీయూని తినేస్తోందా? ముందు తినేది ఏంటో పట్టుకోండి

బ్రౌజర్ ఒక్కటే ఓపెన్ చేసి ఉంది, ఇంకేం నడవట్లేదు, అయినా ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరెత్తిపోతోంది, అడుగున చెయ్యి పెడితే కాలుతోంది, టైప్ చేసిన అక్షరం కాస్త ఆలోచించుకుని గానీ స్క్రీన్ మీదకి రావట్లేదు. ఇలా ఉందని ఎవరికి చెప్పినా దాదాపు ఒకటే పాట: క్యాష్ క్లియర్ చెయ్యి, అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ వేస్కో, అదీ కాకపోతే ర్యామ్ పెంచు. క్యాష్ అంటే డిస్క్ మీద దాచుకున్న ఫైళ్ళు, అవి తీసేస్తే తర్వాత అన్నీ మళ్ళీ కొత్తగా డౌన్‌లోడ్ చేస్కోవాలి, అంటే పని పెరిగిందే గానీ తగ్గలేదు. రీఇన్‌స్టాల్ అయితే ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే, పైగా సింక్ ఆన్‌లో ఉంటే లాగిన్ అవ్వగానే అవే ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి మనం తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌లు) మళ్ళీ దిగిపోతాయి కాబట్టి ఎలక కూడా చావదు. ర్యామ్ తక్కువైతే మెమరీకీ డిస్క్‌కీ మధ్య డేటా అటూ ఇటూ మార్చుకోవడంలో కొంత సీపీయూ పోయే మాట నిజమే, కానీ అది వేరే జబ్బు, అప్పుడు బ్రౌజర్ ఒక్కటే కాదు సిస్టమ్ మొత్తం ఈడుస్తూ ఉంటుంది.

అసలు చెయ్యాల్సింది ఏంటంటే, సీపీయూని, అంటే ప్రాసెసర్‌ని, ఏ ట్యాబ్ తింటోంది, ఏ ఎక్స్‌టెన్షన్ తింటోంది, లేకపోతే వీడియోనా అన్నది ముందు పేరుతో సహా పట్టుకోవడం. ఇది కష్టం కూడా కాదు, బ్రౌజరే చెప్తుంది, మనం అడగాలంతే.

అసలు ఇది సమస్యేనా

ఏ ప్రోగ్రామ్ ఎంత వాడుతోందో చూపించే విండోస్ టాస్క్ మేనేజర్ ఓపెన్ చెయ్యగానే క్రోమ్ పేరుతో ఇరవై ముప్పై లైన్లు కనిపించి చాలామంది కంగారు పడిపోతారు, వైరస్ అనుకుంటారు. కాదు. 2008లో క్రోమ్ వచ్చినప్పటి నుంచే ట్యాబ్‌లని వేరువేరు ప్రాసెస్‌లుగా (విడివిడి ప్రోగ్రామ్‌ల్లా) నడపడం దాని పద్ధతి, ఒక ట్యాబ్ క్రాష్ అయితే మిగతావి బతికి ఉండాలని. ఫైర్‌ఫాక్స్ కూడా 2016లో 48వ వెర్షన్ నుంచి ఆ దారిలోకి వచ్చింది. 2018 మొదట్లో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అని ప్రాసెసర్లలోనే లోపాలు బయటపడ్డాక, ఒక సైట్ డేటాని ఇంకో సైట్ దొంగిలించకుండా క్రోమ్ 67 నుంచి ఒక్కో సైట్‌కి ఒక్కో ప్రాసెస్ అన్నట్టు ఇంకా విడగొట్టారు. కాబట్టి లైన్ల లెక్క చూసి భయపడక్కర్లేదు, ఏ లైన్ పక్కన ఎంత అంకె ఉందన్నదే చూడాలి.

ఇంకోటి, సీపీయూ ఎక్కువ వాడటం అనేది దానంతటదే తప్పు కాదు. బ్రౌజర్ ఓపెన్ చేసిన మొదటి నిమిషం, పాత ట్యాబ్‌లన్నీ ఒకేసారి లోడ్ అవుతున్నప్పుడు, వీడియో కాల్‌లో ఉన్నప్పుడు, పెద్ద స్ప్రెడ్‌షీట్ తెరిచినప్పుడు అంకె పైకి పోతుంది, పోవాలి కూడా, పని త్వరగా అవ్వాలంటే ప్రాసెసర్ పని చెయ్యాలిగా. చూడాల్సింది ఏంటంటే మౌస్, కీబోర్డ్ ముట్టుకోకుండా ఓ రెండు నిమిషాలు ఊరికే కూర్చుని, వీడియో పాట ఏవీ నడవనప్పుడు కూడా అంకె దిగట్లేదా అని. దిగిపోతే సమస్య లేనట్టే, ఏదో పని చేస్కుని ఊరుకుంది. దిగకపోతేనే ఇక్కడి నుంచి ముందుకి రండి.

అంకెల దగ్గర ఒక తిరకాసు ఉంది, ఇది తెలీక చాలామంది తప్పు లెక్కలు వేస్తారు. విండోస్ టాస్క్ మేనేజర్ చూపించే శాతం అన్ని కోర్లూ (ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాలు) కలిపి. క్రోమ్ లోపల ఉండే టాస్క్ మేనేజర్, మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్ చూపించేది ఒక్క కోర్ లెక్కన, అందుకే అక్కడ 100 దాటి 250, 300 అని కూడా కనిపిస్తుంది, అది తప్పు కాదు, రెండు మూడు కోర్లు ఫుల్‌గా వాడుతోందని అర్థం. దీన్నిబట్టి ఒక మంచి గుర్తు దొరుకుతుంది. మీ మెషీన్‌లో 8 లాజికల్ ప్రాసెసర్లు, అంటే విండోస్ కోర్లుగా లెక్కేసేవి, ఉన్నాయనుకోండి (టాస్క్ మేనేజర్ పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో ఉంటుంది), బ్రౌజర్ ఎటూ కదలకుండా 12, 13 శాతం దగ్గరే అతుక్కుపోయి ఉంటే, చూడ్డానికి అది చిన్న అంకెలానే ఉంటుంది, కానీ 100ని 8తో భాగిస్తే 12.5, అంటే ఎక్కడో ఒక స్క్రిప్ట్ ఒక కోర్‌ని పట్టుకుని ఆగకుండా గిరగిరా తిరుగుతోందన్నమాట. 4 ఉన్న మెషీన్‌లో అదే 25 దగ్గర కనిపిస్తుంది, 16 ఉంటే 6 చుట్టూ. ఇలా కదలకుండా నిలబడిపోయిన అంకె కనిపిస్తే లూప్‌లో ఇరుక్కున్న పేజీ మీదే ఫస్ట్ అనుమానం పెట్టుకోండి.

బ్రౌజర్‌నే అడగడం

క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్ లాంటి వాటిలో విండోస్ మీదైనా లైనక్స్ మీదైనా షిఫ్ట్ పట్టుకుని ఎస్కేప్ నొక్కండి, బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. మ్యాక్ క్రోమ్‌లో అయితే పైన విండో మెనూలో టాస్క్ మేనేజర్ అని ఉంటుంది. షార్ట్‌కట్ పనిచెయ్యకపోతే మూడు చుక్కల మెనూలో మోర్ టూల్స్ కింద వెతకండి. ఫైర్‌ఫాక్స్‌లో అడ్రస్ బార్‌లో అబౌట్:ప్రాసెసెస్ అని కొట్టండి (ఇక్కడ తెలుగులో రాస్తున్నా గానీ ఇలాంటివన్నీ మీరు ఇంగ్లీష్ అక్షరాల్లోనే, మధ్యలో గ్యాప్ లేకుండా కొట్టాలి). సఫారీలో ఇలాంటిది లోపల లేదు, కానీ యాక్టివిటీ మానిటర్‌లోనే పేజీ పేరు మీద సైట్ అడ్రస్ కనిపిస్తుంది కాబట్టి అది చాలు.

ఓపెన్ అయ్యాక సీపీయూ కాలమ్ హెడింగ్ మీద క్లిక్ చేస్తే ఎక్కువ తినేది పైకి వస్తుంది. ఇక్కడ చాలామంది ఒక్క చూపు చూసి మూసేస్తారు, అలా కాదు, ఓ నిమిషం పాటు చూడండి. ఒక్కసారి 80కి ఎగిరి కిందకి పడిపోయే లైన్ అమాయకపుది. ఎగరకుండా 40 దగ్గరే కూర్చున్న లైన్ ఉంటుంది చూడండి, దాన్ని పట్టుకోవాలి. లైన్ల పేర్లు కూడా చదవండి, ట్యాబ్ అని మొదలయ్యేవి మీరు తెరిచిన పేజీలు, సబ్‌ఫ్రేమ్ అని ఉండేవి ఆ పేజీల లోపల ఇరికించిన వేరే సైట్ల ముక్కలు, అంటే యాడ్స్, ఎంబెడ్ చేసిన వీడియోలు, కామెంట్ బాక్సులు, అలాంటివి. ఎక్స్‌టెన్షన్ అని ఉండేవి ఎక్స్‌టెన్షన్లు. ఇవి కాకుండా బ్రౌజర్ అని ఒక లైన్, జీపీయూ ప్రాసెస్ (గ్రాఫిక్స్ పని చూసేది) అని ఒక లైన్, యుటిలిటీ అని కొన్ని ఉంటాయి.

అనుమానం ఉన్న లైన్ సెలెక్ట్ చేసి ఎండ్ ప్రాసెస్ కొట్టొచ్చు. ట్యాబ్ అయితే పేజీ చచ్చిపోయి ఏడుపు మొహం వస్తుంది, రీలోడ్ చేస్తే మళ్ళీ వస్తుంది, కాకపోతే ఆ పేజీలో ఏదైనా ఫారం నింపుతూ ఉన్నా సేవ్ చెయ్యని రాత ఉన్నా పోతుంది, అది చూస్కుని కొట్టండి. కొట్టగానే ఫ్యాన్ నెమ్మదించిందంటే దొంగ దొరికినట్టే.

బయటి విండోస్ టాస్క్ మేనేజర్‌లో ఒక క్రోమ్ లైన్ వేలాడుతోంది, అది లోపల ఏ ట్యాబో తెలీట్లేదు అంటే దానికీ దారి ఉంది. రెండు చోట్లా ప్రాసెస్ ఐడీ అని ఒక నంబర్ ఉంటుంది, బయట డీటెయిల్స్ ట్యాబ్‌లో పీఐడీ కాలమ్, లోపల ప్రాసెస్ ఐడీ కాలమ్, రెండు నంబర్లూ కలిపి చూస్తే సరి. ఒకవేళ బయట ఉన్న నంబర్ లోపల ఎక్కడా లేకపోతే దాని మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ చూడండి, మామూలుగా ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉండాల్సిన బ్రౌజర్ ఏదో టెంప్ ఫోల్డర్‌లో కూర్చుని ఉంటే అది బ్రౌజర్ వేషం వేస్కున్న ఇంకేదో అనే అర్థం, వెంటనే మాల్వేర్ స్కాన్ పెట్టండి.

దొరికింది ట్యాబ్ అయితే

ట్యాబ్‌లు ఎక్కువ ఉన్నాయి కాబట్టే సీపీయూ పోతోంది అనే మాట చాలా మటుకు పాత మాట. క్రోమ్ 2017లో 57వ వెర్షన్ నుంచి వెనకాల ఉన్న ట్యాబ్‌ల టైమర్లకి (పేజీ కోడ్‌ని ఉండుండి లేపేవి) సగటున ఒక కోర్‌లో 1 శాతం లిమిట్ పెట్టింది, 2021లో 88వ వెర్షన్ నుంచి, ఐదు నిమిషాలు దాటి కనపడకుండా ఉన్న ట్యాబ్‌లో టైమర్లని నిమిషానికి ఒక్కసారే లేవనిస్తోంది. అంటే వెనకాల నలభై ట్యాబ్‌లు పెట్టుకుంటే మీ ర్యామ్ పోవచ్చు గానీ సీపీయూ పెద్దగా పోదు. అయితే ఈ రూల్‌కి మినహాయింపులు ఉన్నాయి, అసలు గొడవంతా అక్కడే. సౌండ్ వస్తున్న ట్యాబ్‌ని వదిలేస్తారు. సర్వర్‌తో ఎప్పుడూ లైన్‌లో ఉండే ట్యాబ్‌లకి, అంటే చాట్, కాల్, లైవ్ స్కోర్లు, షేర్ల చార్టులు లాంటి వాటికి కూడా సడలింపులు ఉన్నాయి. రెండో మానిటర్ మీద పూర్తిగా కనిపిస్తూ ఉన్న విండో అయితే మీరు చూడకపోయినా సరే బ్రౌజర్ లెక్కలో అది ముందున్నదే. కాబట్టి వెనకాల దొంగ కోసం వెతికేటప్పుడు మొదట ఇవే చూడండి, వార్తల పేజీలు, షాపింగ్ పేజీలు తర్వాత.

ముందున్న ట్యాబే తింటోందంటే, పేజీలో ఏం కదులుతోందో చూడండి. మూలన తనంతట తనే ప్లే అవుతున్న వీడియో, అదేపనిగా జారే బ్యానర్, బ్యాక్‌గ్రౌండ్‌లో తేలే యానిమేషన్, ఇవన్నీ కనిపించేవే. 144 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాళ్ళకి ఇది ఇంకా ఎక్కువ తగులుతుంది, ఎందుకంటే 60 హెర్ట్జ్ మీద సెకనుకి 60 సార్లు గీసే బొమ్మని అక్కడ 144 సార్లు గీయాలి. ఒకే సైట్ ఒక మెషీన్‌లో హాయిగా ఉండి ఇంకో దాంట్లో ఫ్యాన్ లేపడానికి ఇదీ ఒక కారణం.

రోజుల తరబడి మూయకుండా ఉంచే ట్యాబ్‌ల సంగతి వేరు, మెయిల్, చాట్, ఆఫీస్ డాష్‌బోర్డ్ లాంటివి. పొద్దున్న బానే ఉండి సాయంత్రానికి బరువెక్కుతాయి. టాస్క్ మేనేజర్‌లో ఆ ట్యాబ్ మెమరీ, సీపీయూ రెండూ కలిసి పెరుగుతూ ఉంటే అది లీక్, అంటే పేజీ కోడ్ పాత డేటాని వదలకుండా పోగేస్కుంటోంది, ఆ పోగు పెరిగేకొద్దీ చెత్త ఏరే పని (గార్బేజ్ కలెక్షన్ అంటారు) ఇంజిన్‌కి మళ్ళీ మళ్ళీ పడుతుంది, సీపీయూ దానికే పోతుంది. దీనికి మన చేతిలో ఉన్నది ఎఫ్5 ఒక్కటే, రీలోడ్ చేస్తే పోగంతా పోయి తేలికవుతుంది. అసలు రిపేర్ ఆ సైట్ చేసినవాళ్ళ చేతిలోనే ఉంది.

క్రిప్టో మైనింగ్ గురించి కూడా ఒక ముక్క. 2017 సెప్టెంబర్‌లో కాయిన్‌హైవ్ అని ఒకటి వచ్చింది, సైట్‌లో చిన్న స్క్రిప్ట్ పెడితే చూసేవాళ్ళ ప్రాసెసర్‌తో మొనేరో అనే క్రిప్టో నాణేలు తవ్వేది, చాలా చోట్ల సైట్ ఓనర్‌కి కూడా తెలీకుండా హ్యాకర్లు పెట్టేశారు, కొన్ని అయితే బ్రౌజర్ మూసేసినా టాస్క్‌బార్‌లో గడియారం వెనక చిన్న విండో దాచిపెట్టి నడిపించేవి. 2019 మార్చిలో అది మూతపడింది, అదే ఏడాది సెప్టెంబర్‌లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 69 నుంచి ఈ మైనింగ్ స్క్రిప్టులని డిఫాల్ట్‌గానే బ్లాక్ చేస్తున్నారు. అందుకని ఇప్పుడు ప్రతి వేడికీ మైనింగ్ అనుకోనక్కర్లేదు గానీ, పైరసీ స్ట్రీమింగ్ లాంటి సైట్ తెరవగానే ఆ ఒక్క ట్యాబ్ క్రోమ్ టాస్క్ మేనేజర్‌లో 400, 700 అని చూపిస్తూ అన్ని కోర్లూ ఒకేసారి నిండిపోతే మాత్రం మూసేసి మళ్ళీ అటు వెళ్ళకండి. మామూలు పేజీ ఎంత చెత్తగా రాసినా సాధారణంగా ఒక కోర్ దగ్గరే కొట్టుకుంటుంది, అన్నీ నింపాలంటే కావాలని రాయాలి.

ఎక్స్‌టెన్షన్లు: కనిపించేది సగమే

నా ఉద్దేశంలో ఎక్కువమందికి తెలియని సంగతి ఇది. టాస్క్ మేనేజర్‌లో ఎక్స్‌టెన్షన్ లైన్ పక్కన సున్నా ఉంది కాబట్టి అది అమాయకం అనుకుంటారు. ఎక్స్‌టెన్షన్‌కి రెండు భాగాలు ఉంటాయి, వెనకాల నడిచేది ఒకటి, మీరు తెరిచిన ప్రతి పేజీలోకీ దూరి అక్కడ పనిచేసేది ఇంకోటి. ఈ రెండోది పేజీ ప్రాసెస్‌లోనే నడుస్తుంది, అంటే దాని ఖర్చంతా ట్యాబ్ ఖాతాలో పడుతుంది. తప్పు చేసేది ఎక్స్‌టెన్షన్, తిట్లు తినేది సైట్.

తేల్చుకోవడం తేలిక. అదే పేజీని ఇన్‌కాగ్నిటో విండోలో తెరవండి, అక్కడ మీరు ప్రత్యేకంగా పర్మిషన్ ఇస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు నడవవు. మామూలు విండోలో 60 తిన్న పేజీ ఇన్‌కాగ్నిటోలో 5 తింటోందంటే సైట్‌ని వదిలేసి ఎక్స్‌టెన్షన్ల మీద పడండి. (ఒక్క షరతు, రెండు చోట్లా లాగిన్ అయి ఉండాలి, లాగిన్ లేని పేజీ ఎలాగూ తేలికగానే ఉంటుంది కాబట్టి పోలిక కుదరదు.) తర్వాత ఏ ఎక్స్‌టెన్షన్ అన్నది పట్టడానికి ఒక్కొక్కటీ ఆఫ్ చేస్కుంటూ కూర్చోకండి, సగం ఆఫ్ చెయ్యండి, పేజీ రీలోడ్ చేసి చూడండి, తగ్గితే దొంగ ఆఫ్ చేసిన సగంలో ఉన్నాడు, తగ్గకపోతే మిగిలిన సగంలో, మళ్ళీ ఆ సగంలో సగం. పదహారు ఎక్స్‌టెన్షన్లు ఉన్నా నాలుగు రౌండ్లలో తేలిపోతుంది. రీలోడ్ మర్చిపోకండి, ఎందుకంటే పేజీలోకి ముందే దూరిన కోడ్ ఆఫ్ చెయ్యగానే బయటికి పోదు.

ఫైర్‌ఫాక్స్‌లో హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ అని ఉంటుంది, అన్ని ఎక్స్‌టెన్షన్లూ ఆపేసి బ్రౌజర్ లేస్తుంది. కానీ అది హార్డ్‌వేర్ యాక్సలరేషన్‌ని (కొంత పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పజెప్పడం) కూడా ఆపేస్తుంది, కాబట్టి అక్కడ బాగుందంటే ఎక్స్‌టెన్షనే అని తీర్పు ఇచ్చెయ్యకండి, గ్రాఫిక్స్ డ్రైవర్ కూడా అయ్యుండొచ్చు, మామూలు మోడ్‌లోకి వచ్చి ఎక్స్‌టెన్షన్లు మాత్రం ఆపి ఇంకోసారి చూడాలి.

ఏవి ఎక్కువ తింటాయి అంటే, ప్రతి పేజీని చదివేవి. మీరు టైప్ చేసే ప్రతి అక్షరాన్నీ చూసే గ్రామర్ చెకర్లు, ప్రతి పేజీలో ధరలూ కూపన్లూ వెతికేవి, పేజీలో ప్రతి వస్తువు రంగూ లెక్కేసి మార్చే డార్క్ మోడ్‌లు, ఇవి పెద్ద పేజీల్లో గట్టిగా తగుల్తాయి. వీటికి పర్మిషన్ల దగ్గర అన్ని సైట్లలో అని కాకుండా క్లిక్ చేసినప్పుడు మాత్రమే, లేదా ఫలానా సైట్లలో మాత్రమే అని పెట్టుకోవచ్చు, తీసెయ్యకుండానే సగం భారం దిగుతుంది. యాడ్ బ్లాకర్ సంగతి తిరగేసి ఉంటుంది, అది కాస్త తిన్నా అది ఆపే యాడ్ స్క్రిప్టులు తినేది దానికంటే చాలా ఎక్కువ, కాబట్టి ఒక మంచి యాడ్ బ్లాకర్ ఉంటే మొత్తం మీద లాభమే. ఒకటి. రెండు పెట్టుకుంటే ఒకే పని రెండుసార్లు చేస్తాయి, పైగా ఒకదాన్ని ఒకటి చెడగొట్టుకుంటాయి.

ట్యాబ్‌లని నిద్రపుచ్చే ఎక్స్‌టెన్షన్లు ఇప్పుడు అవసరం లేదు. ద గ్రేట్ సస్పెండర్ అని ఒకటి బాగా పాపులర్‌గా ఉండేది, 2020లో ఓనర్ మారాడు, 2021 ఫిబ్రవరిలో మాల్వేర్ ఉందని గూగుల్ దాన్ని స్టోర్ నుంచి తీసేసి జనాల బ్రౌజర్లలో కూడా ఆపేసింది. ఆ పని చెయ్యడానికి క్రోమ్‌లో సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ సేవర్ ఉంది, ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ ఉంది. పక్కనే ఎనర్జీ సేవర్ కూడా ఉంటుంది, బ్యాటరీ 20 శాతానికి దిగాక, లేదా ప్లగ్ తీసినప్పుడల్లా, వెనకాల పనినీ యానిమేషన్లనీ తగ్గిస్తుంది, ల్యాప్‌టాప్ వాళ్ళు ఆన్ చేస్కోవచ్చు.

వీడియో చూస్తేనే వేడెక్కుతుంటే

పేజీలు చదువుతుంటే బానే ఉంది, యూట్యూబ్ పెట్టగానే ఫ్యాన్ లేస్తోంది అంటే అది వేరే కథ. వీడియో అనేది ఏదో ఒక కోడెక్‌తో కుదించి వస్తుంది, దాన్ని విప్పడానికి గ్రాఫిక్స్ చిప్‌లో ప్రత్యేకమైన సర్క్యూట్ ఉంటే ఆ పని దాదాపు ఊరికే అయిపోతుంది, లేకపోతే ఆ భారం మొత్తం సీపీయూ మీద పడుతుంది. హెచ్.264 అనే పాత కోడెక్‌ని దాదాపు ప్రతి చిప్పూ విప్పుతుంది. ఏవీ1 అనే కొత్తదాన్ని మామూలు పీసీల్లో విప్పే చిప్పులు 2020 నుంచే వచ్చాయి, ఇంటెల్‌లో 11వ తరం, ఎన్‌విడియాలో ఆర్‌టీఎక్స్ 30 సిరీస్. అంతకు ముందు కొన్న మెషీన్ అయితే, ఏవీ1 వీడియో వచ్చిందంటే సీపీయూనే ఆ చాకిరీ చెయ్యాలి.

ఏది వస్తోందో చూడాలంటే యూట్యూబ్ వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నర్డ్స్ నొక్కండి, ఎడమ వైపు చిన్న నల్ల పెట్టె వస్తుంది, అందులో కోడెక్స్ లైన్‌లో ఏవీ01 అని మొదలైతే ఏవీ1, వీపీ09 అయితే వీపీ9 అనే ఇంకో కోడెక్, ఏవీసీ1 అయితే హెచ్.264. అదే పెట్టెలో ఫ్రేమ్స్ లైన్‌లో డ్రాప్డ్ అనే లెక్క చకచకా పెరుగుతూ ఉంటే మెషీన్ అందుకోలేకపోతోందని అర్థం. అందుబాటులో ఉన్న మందు: క్వాలిటీని 1080 60 నుంచి 720కి దించండి, చిన్న స్క్రీన్ మీద పెద్ద తేడా కనిపించదు. ఇంకా కావాలంటే హెచ్264ఫై లాంటి ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి, యూట్యూబ్‌ని హెచ్.264నే పంపమంటాయి, వాటితో 1080 కంటే పైకి పోలేరు, పాత మెషీన్‌కి అంతకంటే ఎందుకు కూడా. ఫైర్‌ఫాక్స్‌లో ఎక్స్‌టెన్షన్ లేకుండానే అబౌట్:కాన్ఫిగ్‌లోకి వెళ్ళి మీడియా.ఏవీ1.ఎనేబుల్డ్ అనేదాన్ని ఫాల్స్ చేస్తే చాలు.

హార్డ్‌వేర్ యాక్సలరేషన్ ఆఫ్ చెయ్యండి అని గుడ్డిగా చెప్పే సలహా ఒకటి తిరుగుతూ ఉంటుంది. దాన్ని ఆఫ్ చేస్తే గ్రాఫిక్స్ చిప్ చేసే పని కూడా తెచ్చి సీపీయూ నెత్తినే పెట్టినట్టు, మనకి కావల్సినదానికి సరిగ్గా రివర్స్. ఆఫ్ చేస్తే బాగుపడే కేసు ఒక్కటే, గ్రాఫిక్స్ డ్రైవర్ పాడై జీపీయూ ప్రాసెస్ పిచ్చెక్కినట్టు తిరుగుతున్నప్పుడు, అప్పుడైనా అసలు మందు డ్రైవర్ అప్‌డేట్. అందుకని ముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద గ్రాఫిక్స్ యాక్సలరేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, ఎప్పుడో ఎవరో చెప్పారని ఆఫ్ చేసి మర్చిపోయినవాళ్ళు చాలామంది ఉంటారు. మార్చాక బ్రౌజర్ రీలాంచ్ చెయ్యాలి. తర్వాత క్రోమ్://జీపీయూ పేజీ తెరిస్తే పైన ఒక జాబితా ఉంటుంది, వీడియో డీకోడ్ పక్కన హార్డ్‌వేర్ యాక్సలరేటెడ్ అని పచ్చగా ఉంటే క్షేమం, సాఫ్ట్‌వేర్ ఓన్లీ అని ఉంటే సెట్టింగ్ ఆన్‌లో ఉన్నా సరే పని సీపీయూ మీదే నడుస్తోంది. డ్రైవర్ బాలేదని బ్రౌజరే దాన్ని పక్కన పెట్టి ఉండొచ్చు, లేకపోతే మీరు రిమోట్ డెస్క్‌టాప్‌లోనో వర్చువల్ మెషీన్‌లోనో ఉండొచ్చు, అక్కడ నిజమైన గ్రాఫిక్స్ చిప్ చేతికి అందదు కాబట్టి ఎంత తిప్పలు పడినా ఇంతే.

వీడియో కాల్స్‌లో అయితే ఫస్ట్ బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ తీసెయ్యండి. ప్రతి ఫ్రేమ్‌లోనూ మనిషి ఎక్కడున్నాడు గోడ ఎక్కడుందని లెక్క కట్టే పని అది, కాల్ నడిచినంతసేపూ నడుస్తుంది. తర్వాత అందరి మొహాలూ గళ్ళుగళ్ళుగా చూపించే వ్యూ మార్చి మాట్లాడేవాళ్ళే కనిపించేలా పెట్టుకోండి, ఎందుకంటే అక్కడ విప్పాల్సిన వీడియో ఒకటి కాదు, గళ్ళు ఎన్నుంటే అన్ని.

ఇవేవీ కాకపోతే

బ్రౌజర్ అనే మెయిన్ లైనే తింటోంది, ట్యాబ్‌లూ ఎక్స్‌టెన్షన్లూ అన్నీ చల్లగా ఉన్నాయి అంటే ప్రొఫైల్ (మీ సెట్టింగ్స్, బుక్‌మార్కులు, ఎక్స్‌టెన్షన్లు అన్నీ దాచుకునే చోటు) మీద అనుమానం. కొత్త ప్రొఫైల్ ఒకటి పెట్టి, సింక్ ఆన్ చెయ్యకుండా, అదే సైట్లు కాసేపు వాడి చూడండి, క్రోమ్‌లో పైన ఫోటో బొమ్మ మీద నొక్కితే వస్తుంది, ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్:ప్రొఫైల్స్. అక్కడ బాగుంటే పాత ప్రొఫైల్‌లో ఏదో చెడింది. అప్పుడు క్రోమ్ రీసెట్ సెట్టింగ్స్ వాడొచ్చు, ఎక్స్‌టెన్షన్లు ఆఫ్ అవుతాయి, కుకీలు పోతాయి అంటే సైట్లలో మళ్ళీ లాగిన్ అవ్వాలి, బుక్‌మార్కులూ హిస్టరీ సేవ్ చేస్కున్న పాస్‌వర్డులూ ఉంటాయి. ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్:సపోర్ట్ పేజీలో రిఫ్రెష్ ఫైర్‌ఫాక్స్ బటన్, అది ఎక్స్‌టెన్షన్లని పూర్తిగా తీసేస్తుంది, బుక్‌మార్కులూ పాస్‌వర్డులూ ఉంచుతుంది.

బ్రౌజర్ మూసేసినా టాస్క్ మేనేజర్‌లో కనిపిస్తోందంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద, మూసేశాక కూడా బ్యాక్‌గ్రౌండ్ యాప్స్ నడవనివ్వమనే ఆప్షన్ ఉంటుంది, ఆఫ్ చెయ్యండి. ఎడ్జ్‌లో దానితో పాటు స్టార్టప్ బూస్ట్ కూడా ఉంటుంది.

కొన్నిసార్లు బ్రౌజర్ పాపం ఏం చెయ్యదు, మనం పేజీ తెరిచినప్పుడల్లా దాని పక్కన యాంటీవైరస్ లేస్తుంది, ప్రతి డౌన్‌లోడ్‌నీ ప్రతి ఫైల్‌నీ చూస్తుంది. బయటి టాస్క్ మేనేజర్‌లో రెండు లైన్లూ కలిసి ఎగురుతున్నాయేమో గమనించండి. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసెయ్యండి, అంతేగానీ బ్రౌజర్ ఫోల్డర్‌ని స్కాన్ నుంచి మినహాయించే పని మాత్రం చెయ్యకండి, చెత్త మొదట దిగేది అక్కడికే.

దుమ్ము సంగతి కూడా చూడాలి. ఫ్యాన్ దారి మూసుకుపోతే ప్రాసెసర్ వేడికి తట్టుకోలేక తన స్పీడ్ తనే తగ్గించుకుంటుంది, స్పీడ్ తగ్గాక అదే పేజీకి అదే పనికి ఎక్కువ శాతం కావాల్సి వస్తుంది, చూసేవాళ్ళకి బ్రౌజర్ ఎక్కువ తింటున్నట్టు కనిపిస్తుంది. టాస్క్ మేనేజర్ పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ స్పీడ్ గిగాహెర్ట్జ్‌లో ఉంటుంది, పని ఫుల్‌గా ఉన్నప్పుడు కూడా అది బేస్ స్పీడ్ కంటే బాగా కిందే ఉండిపోతే ముందు మెషీన్ పవర్ మోడ్ చూడండి, తర్వాత ఫ్యాన్ క్లీన్ చేయించండి.

ఇంత చేశాక కూడా ఒక్క సైటే తింటోంది, అది వాడక తప్పదు అంటే, ఆ పేజీ మీద ఎఫ్12 కొట్టి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో రికార్డ్ బటన్ నొక్కి ఓ ఐదారు సెకన్లు ఏమీ ముట్టుకోకుండా ఉంచి ఆపండి. మీకు కోడింగ్ రాకపోయినా పర్లేదు, కింద బాటమ్-అప్ అనే చోట ఏ స్క్రిప్ట్ ఎంతసేపు నడిచిందో ఎక్కువ నుంచి తక్కువకి వరసగా ఉంటుంది, పైన ఉన్నదాని ఫైల్ పేరు చూస్తే అది ఆ సైట్ సొంతదా, బయటి నుంచి తెచ్చి అతికించిన ట్రాకరా, చాట్ బొమ్మా అన్నది తెలిసిపోతుంది. బయటిదైతే యాడ్ బ్లాకర్‌లో ఆ ఒక్క అడ్రస్‌ని బ్లాక్ చేసి పేజీ పని చేస్తోందో లేదో చూస్కోండి. సొంతదైతే ఆ స్క్రీన్‌షాట్, బ్రౌజర్ వెర్షన్, పేజీ అడ్రస్ మూడూ కలిపి సైట్ వాళ్ళ సపోర్ట్‌కి పంపండి. మీ సైట్ స్లోగా ఉంది అని ఊరికే రాస్తే క్యాష్ క్లియర్ చెయ్యమనే రిప్లై వస్తుంది, ఫైల్ పేరుతో రాస్తే అది డెవలపర్ దాకా వెళ్ళే ఛాన్స్ ఉంది.